ఆలస్యంగా చేరుకున్నవారు

ఏప్రిల్ 14 ఈ దేశ రాజకీయ పంచాంగంలో అంబేడ్కర్ జయంతి. విగ్రహాలకు దండలు పడే రోజు, అన్ని పార్టీలూ ఒకే మనిషిని తమవాడనే రోజు. మా ఇంట్లో ఆ తేదీకి ఇంకో అర్థం కూడా ఉండేది. 1944లో అదే రోజున బొంబాయి విక్టోరియా డాక్‌లో పత్తి బేళ్లనూ మందుగుండునూ కలిపి మోసుకొచ్చిన ఫోర్ట్ స్టికీన్ అనే నౌక అంటుకుని పేలిపోయింది. ఆర్పడానికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బందిలో 66 మంది తిరిగి రాలేదు. వారి జ్ఞాపకార్థమే ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఆ ఉదయం నాన్న బూట్లకు పాలిష్ పెట్టుకుని పెరేడ్‌కు వెళ్లేవారు. ఉద్యోగ విరమణ తర్వాత కూడా ఆ రోజున గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎక్కడికీ వెళ్లకుండా వరండాలో కూర్చునేవారు.

ఈ ఏడాది ఆ కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన జనవరిలో వెళ్లిపోయారు.

సాధారణంగా నేను ఇక్కడ పార్లమెంటు గురించి, పొత్తుల గురించి, గవర్నర్ల గురించి రాస్తుంటాను. సొంత ఇంటి సంగతి రాయడం నాకు అలవాటు లేదు. కానీ ఇది కేవలం ఇంటి సంగతి కాదు. నా వృత్తిలో నేను చేసిన ఒక తప్పు ఇందులో ఉంది.

నాన్న 1974లో ఫైర్‌మన్‌గా చేరి, 2006లో లీడింగ్ ఫైర్‌మన్‌గా విరమించారు. సర్వీసంతా కృష్ణా డెల్టాలోని చిన్న పట్టణాల్లోనే గడిచింది. నిప్పు ఆర్పడానికి చేరిన మనిషికి మూడేళ్లకే, 1977 నవంబరు ఉప్పెన తర్వాత, దివిసీమ నీళ్లలోంచి శవాలను తీసే పని పడింది. దాని గురించి మాతో ఎన్నడూ మాట్లాడలేదు. మేం అడిగితే, "అప్పుడు ఉప్పు కూడా వాసన వేసేదమ్మా" అని మాత్రం అన్నారొకసారి.

డెల్టా అనగానే పచ్చని చేలూ నిండు కాలువలూ గుర్తొస్తాయి. ఫైర్ స్టేషన్లో పనిచేసేవాళ్లకు తెలిసిన డెల్టా వేరు. వరి కోతలు అయిపోయి, ఊరి చుట్టూ గడ్డివాములు నిలిచి, పడమటి గాలి మొదలయ్యే రోజులే వాళ్లకు అసలు పని రోజులు. సరిగ్గా ఆ రోజుల్లోనే కాలువలు కట్టేస్తారు. ఒక ఫైరింజనులో పట్టేది సుమారు నాలుగున్నర వేల లీటర్లు. రెండు గొట్టాలు విప్పితే అది నిమిషాల మీద అయిపోతుంది. ఆ తర్వాత చెరువో బావో వెతుక్కోవాలి. ఎండిన కాలువ గట్టు మీద నిలబడి, తాటాకు పాకల వరుస ఒకదాని తర్వాత ఒకటి అంటుకుంటుంటే చూడటం కూడా ఆ ఉద్యోగంలో భాగమే.

తగలబడేది ఎవరి ఇళ్లో చెప్పనక్కర్లేదు. ఊళ్లో డాబాలూ పెంకుటిళ్లూ ఉండేవి. వాడలో తాటాకు ఇళ్లు, చూరుకు చూరు తగులుతూ ఉండేవి. పొయ్యిలోంచి లేచిన ఒక్క రవ్వ గాలి వాలున మొత్తం వాడను చుట్టబెట్టేది. కులం గురించి, భూమి గురించి నేను విశ్వవిద్యాలయంలో చదువుకున్నదంతా నాన్నకు నిప్పు నడిచే దారి చూసి తెలిసింది. ఎన్టీఆర్ హయాంలో బలహీన వర్గాలకు పక్కా ఇళ్లు ఊపందుకున్న రోజులను తలచుకుని ఆయన అనేవారు: "మేం ఆర్పిన నిప్పు కంటే పక్కా కప్పు ఆర్పిన నిప్పు ఎక్కువ." ఆయన ఏ పార్టీకి ఓటేశారో నాకు తెలియదు. సంక్షేమం దండగ అనేవాళ్లతో వాదించవలసి వచ్చినప్పుడు మాత్రం నాకు ఈ మాటే ముందు గుర్తొస్తుంది.

అమ్మకు ఆ ముప్పై రెండేళ్లూ ఒక గడియారం. మేం స్టేషను పక్క క్వార్టర్సులో ఉండేవాళ్లం. గంట మోగగానే ఆమె వంట ఆపి గోడ గడియారం చూసేది. బండి బయలుదేరిన శబ్దం విని మళ్లీ చూసేది. తిరిగి వచ్చేదాకా ఏమీ మాట్లాడేది కాదు. వచ్చాక కాగులో నీళ్లు కాచి, ఖాకీ బట్టలను విడిగా నానబెట్టేది. ఎన్ని ఉతుకులు పడినా ఆ బట్టల్లో మసి వాసన పోయేది కాదు. ఆ రోజుల్లో చిన్న స్టేషన్లలో మొహానికి తడి తువ్వాలే రక్షణ. చివరి నెలల్లో ఆసుపత్రిలో డాక్టరు, "పొగ తాగే అలవాటుందా?" అని అడిగితే అమ్మ, "తాగలేదండీ, మింగారు" అంది. డాక్టరుకు అర్థం కాలేదు. నాన్న మాస్కులోంచి నవ్వారు. అంత ఆయాసంలోనూ ఆమె మాటకు నవ్వడం ఆయన మానలేదు.

ఇక నా తప్పు సంగతి.

2003 వేసవిలో నేను ఒక పత్రిక డెస్కులో కొత్తగా చేరాను. మండలాల నుంచి అగ్నిప్రమాదాల వార్తలు రోజూ వచ్చేవి. వాటికి మా దగ్గర ఒక తయారు వాక్యం ఉండేది: సమాచారం అందుకున్న అగ్నిమాపక సిబ్బంది ఆలస్యంగా చేరుకోవడంతో అప్పటికే ఇళ్లన్నీ కాలి బూడిదయ్యాయి. విలేకరి రాయకపోయినా మేమే చేర్చేవాళ్లం. అది లేకపోతే వార్త పూర్తయినట్టు అనిపించేది కాదు. నేనూ ఎన్నోసార్లు చేర్చాను. ఒకసారి అది నాన్న స్టేషను పరిధిలోని ఊరి వార్త. ఆ వారం ఇంటికి వెళ్లినప్పుడు ఆయన పత్రిక మడిచి పక్కన పెట్టి అన్నారు: "ఆలస్యంగా వెళ్లామని రాశారు, నిజమే. కబురు ఎప్పుడందిందో కూడా రాస్తే బాగుండేదేమో అమ్మా."

"స్థలం ఉండదు నాన్నా" అన్నాను.

ఆయన తలూపారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా నా రాతలన్నీ చదివారు, ఢిల్లీ నుంచి రాసినవి కూడా. ఆ మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.

పెద్దకర్మ అయ్యాక ఆయన ట్రంకు పెట్టె తీశాం. అడుగున ఐదు పొడవాటి నోటు పుస్తకాలున్నాయి. శాఖ అడిగే రిపోర్టులు కావవి, సొంతంగా రాసుకున్నవి. ప్రతి కాల్‌కూ ఊరి పేరు, దూరం, ఆపైన మూడు సమయాలు: నిప్పు పుట్టిన వేళ, కబురు అందిన వేళ, మేం చేరిన వేళ. మొదటిది ఆయన ఊళ్లోవాళ్లను అడిగి రాసుకునేవారట. ఒక పేజీ ఇలా ఉంది: ఒంటిగంటా పది. రెండూ అయిదు. రెండున్నర. ఊరు పన్నెండు కిలోమీటర్లు. పక్కన చిన్న అక్షరాలతో ఇలా ఉంది: "ఫోను లేదు, మనిషి సైకిలు మీద వచ్చాడు. గేటు దగ్గర ఏడు నిమిషాలు."

నేనూ అమ్మా రెండు రోజులు కూర్చుని ఆ పుస్తకాలు తిరగేశాం. మొదటి రెండు సమయాల మధ్య గంటా, గంటంబావూ కనిపిస్తున్నాయి. రెండో దానికీ మూడో దానికీ మధ్య పావుగంట, ఇరవై నిమిషాలు. ఆలస్యం ఎక్కడుందో పేజీ పేజీకీ కనిపిస్తూనే ఉంది. ఫోను లేని ఊరిలో, వేయని రోడ్డులో, కట్టేసిన కాలువలో, రెండు మండలాలకు ఒక్క బండి ఇచ్చిన లెక్కలో ఆలస్యం ఉంది. మా వాక్యం దాన్ని మాత్రం చివరగా వచ్చిన ఆరుగురు మనుషుల నెత్తిన పెట్టింది.

నాన్న నుదుటి మీద ఎడమ వైపు ఒక మచ్చ ఉండేది. చిన్నప్పుడు ఈతచెట్టు ఎక్కి పడ్డానని మాకు చెప్పారు. 1988 మే నెల పేజీ దగ్గర అమ్మ ఆగింది. "ఆ మచ్చ ఇక్కడిది" అంది. వాడంతా కాలిపోయాక చేరిన బండి మీద జనం రాళ్లు వేశారట. డ్రైవరు వెనక్కి తిప్పుదామంటే నాన్న ఒప్పుకోలేదట. తలకు తువ్వాలు కట్టుకుని, మిగిలిన నాలుగు గడ్డివాములను తడిపి, సాయంత్రానికి వచ్చారట. "మరి కేసు పెట్టలేదా?" అని అడిగాను. "పెట్టమన్నారు పైవాళ్లు. మీ నాన్న పెట్టలేదు. ఇల్లు కాలినవాడి చేతికి రాయి కాక ఇంకేం దొరుకుతుందే అన్నారు" అంది అమ్మ. ఆ పేజీలో మూడు సమయాలున్నాయి. కింద, 'గాయాలు: ఎవరికీ లేవు' అని ఉంది.

అగ్నిమాపక సేవ మన వ్యవస్థలో ఎవరి పిల్ల అన్నది నేను చాలాసార్లు ఆలోచించాను. అది రాష్ట్రాల బాధ్యత. 74వ రాజ్యాంగ సవరణ దాన్ని పన్నెండో షెడ్యూలులో చేర్చి, పురపాలక సంఘాలకు అప్పగించదగిన పనుల్లో ఒకటిగా చూపింది. కేంద్రం నమూనా బిల్లు పంపుతుంది, సలహా ఇస్తుంది. పదిహేనో ఆర్థిక సంఘం సిఫారసు మేరకు రూ. 5,000 కోట్లతో ఆధునికీకరణ పథకం 2023లో మొదలైంది. మంచిదే. కానీ ఏ ఎన్నికల సభలోనూ ఫైర్ స్టేషను గురించి ఒక వాగ్దానం నా చెవిన పడలేదు. బడికి, ఆసుపత్రికి, రోడ్డుకు ఓట్లున్నాయి. ఎప్పుడో రాబోయే నిప్పుకు ఓటు లేదు.

ఢిల్లీ ఉపహార్ థియేటర్లో 1997 జూన్ 13న 59 మంది చనిపోయారు. బాల్కనీలో అదనపు సీట్ల కోసం ఒక బయటి దారిని ముందే మూసేశారు. కుంభకోణం బడిలో 2004 జూలై 16న 94 మంది పిల్లలను బలిగొన్న నిప్పు వంటచోటు నుంచి పూరికప్పుకు పాకింది. రాజ్‌కోట్ ఆటల కేంద్రం 2024 మేలో కాలిపోయినప్పుడు అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రమే లేదని బయటపడింది. ఈ మూడు చోట్లా ఆలస్యం నిప్పు పుట్టక ముందే మొదలైంది. అనుమతి ఇచ్చిన బల్ల దగ్గర, తనిఖీ చేయని సంతకం దగ్గర మొదలైంది. మరుసటి రోజు మనం అడిగేది మాత్రం బండి ఎన్ని నిమిషాలకు వచ్చిందనే.

బండి వేళ అడగవద్దని కాదు. నిజంగా నిర్లక్ష్యం చేసేవాళ్లూ ఉంటారు, వాళ్లను రాయాల్సిందే. నాన్న కోరింది కూడా మినహాయింపు కాదు, మూడు సమయాలూ రాయమన్నారు, అంతే. ఒక్క సమయం రాస్తే అది నింద అవుతుంది. మూడూ రాస్తే కారణం కనిపిస్తుంది. పాత్రికేయంలో పట్టా తీసుకున్న నాకు ఈ తేడా, పదో తరగతితో చదువు ఆపేసిన ఆయన ఒక్క వాక్యంలో చెప్పారు. నేను స్థలం లేదన్నాను.

ఇప్పుడు ఇక్కడ స్థలానికి కొరత లేదు. అందుకే ఆలస్యంగానైనా రాస్తున్నాను.

అమ్మ ఇప్పుడు ఆ పట్టణంలోనే, స్టేషనుకు రెండు వీధుల దూరంలో ఉంటోంది. నాతో ఢిల్లీ రమ్మంటే రానంది. మొన్న ఫోనులో మాట్లాడుతుండగా దూరంగా సైరను వినిపించింది. ఆమె మాట ఆపేసింది. నేనూ ఆగాను. కాసేపటికి, "నాలుగూ ఇరవైకి వెళ్లింది" అంది. ముప్పావుగంట తర్వాత మళ్లీ ఫోన్ చేసి, "వచ్చేశారు" అని చెప్పి పెట్టేసింది.