ఓఆర్‌ఎస్ అడిగితే జ్యూస్ ఇచ్చారు!

విరేచనాలైతే ముందు ఓఆర్‌ఎస్ తాగించమని ఏ డాక్టరైనా చెప్తారు. కానీ ఆ పేరు చెప్పి అడిగితే మన చేతికి వచ్చేది అదేనా?

రెండేళ్ల కిందట మా అక్క కొడుక్కి మోషన్స్ అవుతుంటే మెడికల్ షాపుకెళ్లా. ఓఆర్‌ఎస్ అంటే యాపిల్ ఫ్లేవర్ టెట్రాప్యాక్ ఇచ్చాడు. తిప్పి చదివితే తియ్యటి డ్రింకు! ‘అందరూ ఇదే తీసుకెళ్తారన్నా’ అన్నాడు. నేను పొడి ప్యాకెట్టే అడిగి తెచ్చుకున్నా.

డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములాలో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే. ఉప్పుతో కలిసి, పేగులు నీటిని పీల్చుకునేలా చెయ్యడానికి అది చాలు. చక్కెర మరీ ఎక్కువైతే ఒంట్లో నీరే పేగుల్లోకి వచ్చేస్తుంది. విరేచనాలు ఇంకా పెరుగుతాయి. పసిపిల్లలకు అది ప్రాణాల మీదకే రావచ్చు.

ఈ తికమక మీద హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ఆ ఫార్ములా లేని డ్రింకుల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాటే ఉండకూడదని ఆదేశించింది.

డ్రింకు పేరు మారితే సరిపోదు, మన అలవాటూ మారాలి. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. దానిపై రాసినన్ని నీళ్లలోనే కలపండి. పిల్లలు డీలా పడినా, మూత్రం తగ్గినా ఇంట్లో కూర్చోకండి. వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.