ఆర్మూర్ పసుపు కల్లంలో ఒక స్వరకర్త చెవి

మార్చి వస్తే నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ చుట్టుపక్కల కల్లాలన్నీ పసుపు ఆరబోతలే. సిద్ధులగుట్ట నల్లరాళ్లు కనిపించే దూరంలో ఉన్న ఒక కల్లానికి, అక్కడి చప్పుళ్లు వినాలనే వెళ్లాను. ఈజిప్టు స్వరకర్త హలీమ్ ఎల్ దబ్ గురించి చదివినప్పటి నుంచీ ఉన్న కోరిక ఇది.

పసుపు తొమ్మిది నెలల పంట. తవ్వి, ఉడకబెట్టి, పది పదిహేను రోజులు ఎండబెడతారు. కొమ్ములు ఒక కుప్ప, గుండ్రటి గోళ దుంపలు ఒక కుప్ప. రైతు ఒక కొమ్ము తీసి నా చెవి దగ్గర పుటుక్కున విరిచాడు.

"సప్పుడు ఇనుర్రి సార్. ఖంగుమంటె ఎండినట్టు. మెత్తగ ఇరిగితె ఇంక నాలుగు దినాలు ఎండవెట్టాలె."

నిజమే, ఆ విరుపులో లోహం మోగినట్టు ఒక నాదం ఉంది. ఇంకో కుప్పలోంచి తీసిన కొమ్ము చప్పుడు లేకుండా తెగింది. తేమ పది శాతానికి దిగిందో లేదో చెప్పడానికి ఆయనకు చెవి చాలు.

ఎల్ దబ్‌ది కూడా పొలాల మీదుగా వచ్చిన చెవే. 1921లో కైరోలో పుట్టిన ఆయన చదివింది వ్యవసాయ ఇంజనీరింగు. 1944లో అక్కడి రేడియో స్టేషను నుంచి వైర్ రికార్డరు అడిగి తెచ్చుకున్నాడు. సన్నటి ఉక్కు తీగ మీద శబ్దం పట్టే యంత్రమది. దాన్ని తీసుకుని 'జార్' అనే క్రతువుకు వెళ్లాడు. మన పూనకాల్లాగే, ఒంటిని పట్టినదాన్ని శాంతింపజేయడానికి ఆడవాళ్లు పాడుతూ వాయిస్తూ జరిపే తంతు అది. స్టూడియోలో ఆ గొంతుల అసలు స్వరాలను తగ్గించి, పైన మోగే అతిస్వరాలను నిలబెట్టాడు. ప్రతిధ్వని గదిలో మోగించి మళ్లీ రికార్డు చేశాడు. పాటలో మాట కరిగిపోయి నాదం మిగిలింది. రైలు చప్పుళ్లతో ఫ్రెంచి స్వరకర్త పియర్ షెఫర్ పారిస్ రేడియోలో చేసిన ప్రసిద్ధ ప్రయోగం 1948 నాటిది. కైరో రచన దానికి నాలుగేళ్లు ముందే వచ్చింది. అందులో మిగిలిన రెండు నిమిషాల ముక్కను ఇప్పటికీ వినొచ్చు.

1950లో ఎల్ దబ్ అమెరికా వెళ్లాడు. న్యూయార్క్‌లోని కొలంబియా-ప్రిన్స్‌టన్ ఎలక్ట్రానిక్ సంగీత కేంద్రంలో 1959లో 'లైలా అండ్ ద పోయెట్' కూర్చాడు. తర్వాత ఒహాయోలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు. 2017లో, 96 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. మన దేశంలోనూ 1969లో అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థకు అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజర్ తెచ్చి ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో పెట్టాడు. సంగీతకారిణి గీతా సారాభాయ్ వంటివారు అక్కడ పనిచేశారు.

కల్లంలో పాలిష్ డ్రమ్ము తిరగడం మొదలైంది. ఇనుప జాలీతో చేసిన పెద్ద పీపా, మోటారుతో నడుస్తుంది. మొదట వేర్లు, పొట్టు రాలుతుంటే గరగరమని బొంగురు చప్పుడు. కాసేపటికి కొమ్ములు నున్నబడి, ఒకదానికొకటి తగిలి టకటకలాడాయి. ఆ మార్పు వినగానే పనివాడు మోటారు ఆపేశాడు. డ్రమ్ములోకి తొంగి చూడనేలేదు. అంత సూక్ష్మంగా వినే మనుషులున్న చోట సంగీతానికి కావలసిన ముడిసరుకు రాశులుగా పడి ఉంది.

జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. ధర, నాణ్యత, ఎగుమతి లెక్కలు ఇక పద్ధతిగా నమోదవుతాయి, కావాలి కూడా. పని చప్పుళ్లను నమోదు చేసేదెవరు? కడాయిల్లో ఉడికించే చోట్లకు ఆవిరి బాయిలర్లు వచ్చేశాయి. పద్ధతి మారితే దాని చప్పుడూ పోతుంది. ఎల్ దబ్ బరువైన యంత్రం మోసుకెళ్లాడు, మన పిల్లల జేబులో ఫోనుంది. ఈ సీజన్‌లోనే ఉడకబెట్టడం నుంచి బస్తా కుట్టేదాకా రికార్డు చేసి, ఊరు, తేదీ, పనిచేసినవాళ్ల పేర్లు రాసిపెట్టాలి. వాటితో రచనలు చేసే స్వరకర్తలు ఈ ఊళ్ల నుంచే రావాలి.