చల్లారిన బండికి జ్వరం

మనుషులకు జ్వరం వస్తే నాలిక కింద థర్మామీటరు పెడతారు. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజి ఆరు నిబంధనలు అమలులోకి వచ్చాక, కొత్త డీజిలు కార్లకు పొగగొట్టం పొడుగునా అక్కడక్కడ వేడిని చూసే సెన్సర్లు అమర్చడం మామూలయింది. వాటి సంగతి నాకు మా మేనల్లుడి టాక్సీ మూలాన తెలిసింది.

వాడు బ్యాంకు అప్పుతో బండి కొన్నాడు. బండి తిరిగితేనే నెలవాయిదా. కిందటి కార్తీకంలో ఒక కుటుంబానికి పంచారామాలు చూపించే బేరం కుదిరింది. సరిగ్గా ఆ వారంలోనే ఇంజను దీపం వెలిగింది. ఎంత తొక్కినా బండి ఈడ్చుకుంటూ నడిచింది. పెద్ద వర్కుషాపులో చూపిస్తే వాళ్ళు ఏదో మిషను తగిలించి, "పొగ వేడి చూసే సెన్సరు పోయింది, మసి పట్టే ఫిల్టరు కూడా పాడయ్యే ఉంటుంది, రెండూ మార్చాలి" అన్నారట. చెప్పిన మొత్తం వాడి ఆరు వాయిదాలు! మా ఇంటికి వచ్చి మంచినీళ్ళయినా తాగకుండా, "బండి అమ్మేస్తాను మావయ్యా" అన్నాడు. మా ఆవిడ నా వంక చూసింది. ఆ చూపుకు అర్థం మీ ఇళ్ళలోనూ తెలిసే ఉంటుంది.

మా వీధి చివర బండ్లకు కరెంటు పని చేసే మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. పిలిస్తే వచ్చేడు గాని, బండి మీద చెయ్యి వెయ్యలేదు. "రాత్రంతా కదపకండి బాబుగారూ. తెల్లారి నేను వచ్చేదాకా స్టార్టు చెయ్యొద్దు" అని వెళ్ళిపోయేడు.

అన్నట్టే తెల్లవారుజామున వచ్చేడు. ఇంజను తిప్పకుండా తాళం మాత్రం వేసి, తన చిన్న మిషను తగిలించేడు. రాత్రంతా మంచులో నిలబడిన బండి. రేడియేటరు నీళ్ళూ, పీల్చే గాలీ, పొగగొట్టమూ అన్నీ ఒకే చల్లదనంలో ఉండాలి గదా? నీళ్ళు 24 డిగ్రీలు. గాలి 23. గొట్టంలోని రెండు సెన్సర్లూ 24. మూడోది మాత్రం తొమ్మిదివందల పైచిలుకు! అంత వేడికి గొట్టం ఎర్రగా కాలుతూ ఉండాలి. మా పిల్లి దాని కిందే హాయిగా నిద్రపోతోంది.

"మిషను అబద్ధం చెప్పలేదండీ. ఫిర్యాదు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పింది. నేరం ఎవరిదో మనమే చూసుకోవాలి" అన్నాడు మేస్త్రీ.

ఈ బండి సెన్సరులో ఉండేది ప్లాటినం. వేడెక్కినకొద్దీ అది కరెంటుకు ఎక్కువ అడ్డు పడుతుంది. సున్నా డిగ్రీల దగ్గర 200 ఓములు, 600 డిగ్రీల దగ్గర దానికి మూడింతలు. మధ్యలో వైరే తెగిందనుకోండి, ఇక ఆ అడ్డుకు అంతే లేదు. కంప్యూటరు దాన్ని మహా వేడి అనుకుని బెంబేలెత్తి, ఇంజను జోరు తగ్గించేస్తుంది. ఫిల్టరులోని మసిని తగలబెట్టాలంటే సుమారు 600 డిగ్రీలు కావాలి. వేడి ఎంతో నమ్మకంగా తెలియనప్పుడు ఆ పనీ మానుకుంటుంది. మసి పేరుకుంటుంది. అప్పుడు నిజంగానే ఫిల్టరుకు ముప్పు.

మేస్త్రీ సెన్సరు వైరు ఊడదీసి మీటరు పెట్టేడు. 218 ఓములు. నిక్షేపంలా ఉంది. కంప్యూటరు నుంచి వచ్చే వైపు రెండు పిన్నుల మధ్యా 5 వోల్టులు ఉండాలి, సున్నా. ఇక ఆ వైరు వెంటే తడుముకుంటూ పోయి, బ్యాటరీ పెట్టె వెనకాల ఆగేడు. అక్కడ వైరు రెండు ముక్కలై ఉంది. చుట్టూ ఎలుక పెంటికలు. వినాయకుడి వాహనం మా వాడి వాహనాన్ని కొరికిందన్నమాట!

జానెడు వైరు మార్చి, తొడుగు తొడిగి, తాళం వేసి చూస్తే మూడోది కూడా 24. తరువాత ఆయనా మా వాడూ కలిసి హైవే మీద నలభై నిమిషాలు ఆగకుండా తిప్పుకొచ్చేరు. మిషనులో మసి లెక్క బాగా దిగింది. ఫిల్టరు మార్చవలసిన పని లేకపోయింది. మేస్త్రీ పుచ్చుకున్నది అయిదు వందలూ, రెండు కాఫీలూ.

ఆదివారం అర్ధరాత్రి దాటాక బండి అమరావతి వైపు బయలుదేరింది. మా ఆవిడ డిక్కీలో పులిహోర డబ్బా పెట్టి, దాని పక్కనే ఒక ఎలుకలబోను కూడా పెట్టించింది.