లాప్‌టాప్ ఆన్ కాలేదా? అప్పుడే బోర్డు మీద పడకండి

రావులపాలెంలో వానకి కరెంటు పోయొచ్చాక లాప్‌టాప్ ఆన్ కాలేదంటే చాలు, "మదర్‌బోర్డు పోయింది" అనేస్తారు. అంత తొందరెందుకండీ? చార్జర్ లైటే వెలగకపోతే తప్పు ప్లగ్గుదో అడాప్టర్‌దో కావచ్చు. ఫ్యాను తిరుగుతూ తెర నల్లగా ఉంటే ర్యామ్‌నో డిస్‌ప్లేనో అనుమానించాలి. చార్జర్ పీకేసి పవర్ బటన్ అర నిమిషం నొక్కిపట్టి చూడండి, లోపల మిగిలిన చార్జి పోయి కొన్ని లేచి కూర్చుంటాయి.

"ఈ గోలంతా మనకెందుకు, షాపుకిచ్చేద్దాం" అంటారా? నీళ్లు పడినా, బ్యాటరీ ఉబ్బినా ఇవ్వాల్సిందే, బటన్ జోలికే పోవద్దు. మిగతావాటికి మాత్రం తీర్పు ముందే ఇవ్వకండి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన అప్‌డేట్ దెబ్బకి సుమారు 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి. తప్పు బోర్డులది కాదు, ఒక్క ఫైలుది!

మీదాంట్లో లైటు వెలుగుతోందా, ఫ్యాను తిరుగుతోందా? కింద రాయండి, చూద్దాం.