నాయిన డప్పు – ఇంటి కంప్యూటరు

చావొచ్చినా జాతరొచ్చినా ఊరికి మా నాయిన డప్పు కావాలి. డప్పు కావాలి గానీ మేం వద్దు. నేను చదివిన ఏ పాఠంలోనూ ఆ దరువు లేదు. పాడ్‌కాస్టుకైతే ఎవరి గడపా తొక్కనక్కర్లేదని 2021లో నా జీతం డబ్బులతో పాత కంప్యూటరొకటి కొన్నాను.

ముందు దాని ఫ్యాను రొద ఆపాలి. మూత విప్పి దుమ్ము దులిపి, డబ్బాను మైకుకు దూరంగా మంచం అవతల పెట్టాను. గది మోగకుండా గోడలకు బొంతలు కట్టాను. "చలి గోడకా, మనకా?" అని అమ్మ ఒకటే నవ్వు.

ఆడాసిటీకి పైసా ఖర్చు లేదు. డప్పు దెబ్బకు మీటరు నెత్తి తాకితే శబ్దం పగులుతుంది, మళ్లీ అతకదు. అందుకని మైకు మట్టం తగ్గించాను గానీ నాయినను మెల్లగా కొట్టమనలేదు. ఆ మాట చెప్పేవాళ్లు ఊళ్లో ముందే చాలామంది ఉన్నారు.

నాయిస్ రిడక్షన్‌ది ఇంకో కథ. గట్టిగా వాడితే ఎడమచేతి సిటికెన పుల్ల చప్పుడూ, అమ్మ మాటల నడుమ ఆయాసమూ రొద కిందే లెక్కగట్టి తుడిచేస్తుంది. ఏది రొదో దానికేం తెలుసు? కొద్దిగానే వాడతాను.

44,100 హెర్ట్జ్, 16 బిట్లు, మోనో – నిమిషానికి 5 ఎంబీ పైనే. ఆ వేవ్ ఫైళ్లు రెండు డిస్కుల్లో దాస్తాను, ఒకటి అక్క ఇంట్లో. బయటికి పంపేది ఎంపీత్రీ. ఆర్నెల్లకోసారి రెండు డిస్కులూ తెరిచి వింటాను. మొన్న నాయినా పక్కనే కూర్చొని విన్నాడు.

"సగం దరువులే పట్టినవ్ రా. నా రెక్కలాడంగనే తక్కినయి పట్టు."