అందించే చేయి

మోటారుసైకిలు బాగుచేసుకునే మాన్యువల్సు చదివితే ఒక సంగతి అర్థమవుతుంది. వాటిలో పని ఎప్పుడూ ఒక్క మనిషే చేస్తాడు. ఆ మనిషి 'అతను'. అతనికి పానా ఎవరందించారో, అతని బట్టలకంటిన జిడ్డు ఎవరు వదిలించారో పుస్తకంలో ఉండదు. పాఠంలో ఎవరు లేరో వెతకడం సాహిత్యంలో పిహెచ్‌.డి. చేసిన నాకొక జబ్బులా పట్టుకుంది. పోయిన చలికాలం ఇంగ్లండులో, కోవెంట్రీలో, ఒక పాత ట్రయంఫ్ బోనవిల్ ముందు చక్రం డిస్క్ బ్రేకు విప్పి బిగించేటప్పుడు కూడా ఆ జబ్బు నన్ను వదల్లేదు.

బండి నాది కాదు, నేను అద్దెకుండే ఇంటావిడది. డెబ్భై దాటిన మనిషి. ఆమె భర్త ఈ ఊరి దగ్గరున్న మెరిడెన్ ఫ్యాక్టరీలో పనిచేశారు. 1973లో యాజమాన్యం మూసేస్తామంటే కార్మికులు ఆక్రమించుకుని, 1975 నుంచి సహకార సంఘంగా నడుపుకున్న ఫ్యాక్టరీ అది. అందరికీ ఒకే జీతం అన్న నియమంతో మొదలై 1983లో మూతపడింది. ఈ బండి 1977లో అక్కడ తయారైందే. ఆయన గుండెపోటుతో పోయినప్పట్నుంచీ దుప్పటి కప్పుకుని షెడ్డులో ఉంది. అమ్ముదామంటే చూడ్డానికి వచ్చిన మగవాళ్లందరూ బ్రేకు పట్టేసింది, బోలెడు ఖర్చంటూ ధర సగానికి దించారట. "పట్టేసిందని నాకు తెలీదా? ఎందుకు పట్టేసిందో కూడా తెలుసు" అంది ఆమె. ముందు బాగుచేసి, అమ్మాలో వద్దో తర్వాత చూద్దామనుకున్నాం.

ఎందుకంటే ఇదీ. హ్యాండిల్ దగ్గర లీవరు నొక్కితే మాస్టర్ సిలిండర్ (పేరు చూశారా!) ద్రవాన్ని గొట్టంలోంచి కిందికి తోస్తుంది. కింద కాలిపర్‌లో డిస్కుకి అటొకటి, ఇటొకటి రెండు పిస్టన్లుంటాయి. అవి ప్యాడ్లని డిస్కుకి అదుముతాయి. మరి లీవరు వదిలితే వాటిని వెనక్కి తెచ్చేదెవరు? స్ప్రింగేమీ లేదు. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు, పిస్టన్ ముందుకి పోతుంటే దాంతోపాటు రవంత వంగి, ఒత్తిడి తగ్గగానే తన ఆకారానికి తాను తిరిగొస్తూ దాన్ని కూడా వెనక్కి లాక్కొస్తుంది. వెంట్రుకవాసి కదలిక. అంత పెద్ద బండి ఆగడమూ కదలడమూ ఆ రబ్బరు ముక్క ఓపిక మీద నడుస్తుంది. ఇక ఈ పిస్టన్లు క్రోమియం పూత వేసిన ఉక్కువి. ఈ దేశపు వానలకీ, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకీ పూత పొక్కి, అడుగున తుప్పు పడుతుంది. గరుకెక్కిన పిస్టన్‌ని సీలు లాగలేదు. ప్యాడు డిస్కుని ఒరుసుకుంటూ అక్కడే ఉండిపోతుంది.

లోపలుండే ద్రవం సంగతీ చెప్పాలి. మన మెకానిక్కులు బ్రేక్ ఆయిల్ అంటారు గానీ అది నూనె కాదు. మామూలు నూనె తగిలితే ఈ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. ఈ ద్రవం గాలిలో చెమ్మని పీల్చుకుంటుంది కాబట్టి ఏళ్ల తరబడి వదిలేస్తే లోపల్నుంచి కూడా తుప్పే. చుక్క పడితే పెయింటు లేచిపోతుంది.

నేను మాన్యువల్ మూడుసార్లు చదివాను. ఆమె ఒక్కసారీ తెరవలేదు. కానీ నేనడక్కముందే సరిగ్గా సరిపోయే పానా నా చేతిలో ఉండేది. ఈ బళ్లలో పాత బ్రిటిష్ కొలతల బోల్టులూ కొత్త కొలతలవీ కలిసుంటాయి. నేను పుస్తకం చూసేది, ఆమె బోల్టుని చూసేది. "ఆగు, ఇక తిప్పకు. ఆ కీచుమనడం వేరు, విరుగుతుంది" అనేది. ఇదంతా ఎలా తెలుసంటే "నేనేం చేశాను? ఊరికే అందించేదాన్ని" అంది. ముప్పై ఏళ్లకి పైగా!

మా నాన్న ఫ్యాను బిగిస్తుంటే కింద స్టూలు పట్టుకుని నిలబడిన అమ్మ గుర్తొచ్చింది. టెస్టరు, టేపు, స్క్రూలు ఒక్కొక్కటే ఆమే అందించేది. ఫ్యాను మాత్రం నాన్న బిగించినట్టు. ఇంటిచాకిరీ గురించి మనం చాలా రాశాం. అందించడమనే చదువు గురించి పెద్దగా రాయలేదు. చూసి, విని, తర్వాత ఏం కావాలో ముందే ఊహించే చదువది.

పాత ప్యాడ్లు తీసేరోజు మాత్రం షెడ్డులో గాలి మారింది. అవి ఎప్పటివో తెలీదు. బ్రిటన్ తెల్ల ఆస్బెస్టాస్‌ని నిషేధించింది 1999లో. అంతకుముందువైతే అందులో ఆ పీచు ఉందనే అనుకోవాలి. మాస్కులు కట్టుకుని, నీళ్లు చిలకరించి, తడిగుడ్డతో తుడిచి, అన్నీ సంచిలో మూటగట్టాం. నన్ను చూసి ఆమె నవ్వింది. ఆదివారాలు భర్త చుట్టుపక్కలవాళ్ల బళ్లు కూడా బాగుచేసేవాడట, ఆ దుమ్ము నోటితో ఊదేసేవాడట. అప్పట్లో అందరూ చేసే పనే. ఆ ఓవరాల్స్ పెరటి మెట్టు మీద దులిపి ఉతికింది ఈమె.

చెప్పాలా వద్దా అని తటపటాయించి చెప్పాను. 1965లో లండన్‌లో మోలీ న్యూహౌస్, హిల్డా థాంప్సన్ అనే ఇద్దరు స్త్రీలు ఊపిరితిత్తుల పొర కాన్సరు రోగుల గురించి ఒక అధ్యయనం ప్రచురించారు. ఆ రోగుల్లో 9 మంది ఆస్బెస్టాస్ పనికి వెళ్లనే లేదు, ఆ పనివాళ్ల ఇళ్లలో బతికారంతే. వాళ్లలో ఎక్కువగా వినిపించిన కథ, భర్తల పనిబట్టలు ఉతికిన భార్యలది. అంతకు ముందు, 1924లో, రాచ్‌డేల్‌లో ఆస్బెస్టాస్ నూలు వడికిన నెల్లీ కెర్షా 33 ఏళ్లకే చనిపోయింది. ఆ పీచే ఆమె ఊపిరితిత్తులని నాశనం చేసిందని డాక్టరు విలియం కుక్ అదే ఏడాది వైద్య పత్రికలో రాశాడు. కంపెనీ పరిహారం ఇవ్వలేదు. ఆమెని గుర్తు కూడా లేని సమాధిలో పూడ్చారు. ఫ్యాక్టరీల్లో దుమ్ముకి సంబంధించిన నిబంధనలు 1931లో గానీ రాలేదు. ఇంట్లో దులిపే దుమ్ముకి ఆ నిబంధనలూ లేవు. మన దగ్గర తెల్ల ఆస్బెస్టాస్ మీద పూర్తి నిషేధమే లేదు. పగిలిన ఇంటికప్పు రేకుల ముక్కలు చేత్తో ఏరి, కింద రాలిన పొడి చీపురుతో ఊడ్చే ఆడవాళ్లని మనం రోజూ చూస్తున్నాం.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాకెవరూ చెప్పలేదు" అంది. మళ్లీ కొంతసేపటికి, "ఆయనకీ చెప్పలేదు" అంది. ఆ వారంలోనే ఛాతీ పరీక్షకి డాక్టరు దగ్గర టైము తీసుకుంది. వెంట నేనే వెళ్లాను. ఇప్పటికి ఏమీ లేదన్నారు. ఈ జబ్బు బయటపడ్డానికి దశాబ్దాలు పడుతుందని ఇద్దరికీ తెలుసు. బస్సులో వస్తూ కొత్త పిస్టన్ల గురించి మాట్లాడుకున్నాం. స్టెయిన్‌లెస్ స్టీలువి తెప్పించింది, తుప్పు పట్టనివి. సీళ్లకి బ్రేకు ద్రవమే రాసి, వేళ్లతోనే కూర్చోబెట్టాం.

ఆఖరిపని ఎయిర్ తీయడం. ఒకరు లీవరు నొక్కిపట్టాలి. ఇంకొకరు కాలిపర్ మీది నిపుల్ కొంచెం వదులుచేసి, బుడగలు పోయాక బిగించాలి. బిగించానన్నాకే పైన వదలాలి. మా దగ్గరున్న మాన్యువల్ మొత్తంలో రెండో మనిషి కనిపించేది ఇక్కడొక్కచోటే, 'సహాయకుడు' అన్న పేరుతో. ఆమె కింద కూచుంది. పానా నేనందించాను. "నొక్కు... పట్టుకో... వదులు." గంటన్నర పట్టింది. మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేసే లీవరు చివరికి సగంలో గట్టిపడి ఆగింది.

అమ్మకం సంగతి ఆమె ఇంకా తేల్చలేదు. బండిని వీధిలోకి తోసుకెళ్లి నొక్కి చూస్తే చక్రం చటుక్కున నిలబడింది. నా ముఖంలో సంతోషం చూసి ఆమె హెచ్చరించింది: ఈ డిస్కుకి కూడా క్రోమియం పూతే, వానలో తడిస్తే నొక్కినా ఒక క్షణం ఏమీ జరగదు, ఆ తర్వాతే పట్టుకుంటుంది. అన్నేళ్లూ వెనక సీటులో కూచుని ఆ క్షణాన్ని లెక్కపెట్టుకునేదట.