జారుముడి

మా తోటపల్లి గూడూరులో చలి అంటే సంక్రాంతి రోజుల్లో తెల్లారుజామున కప్పుకునే దుప్పటి, అంతే. అక్కడ పుట్టి పెరిగినోణ్ని, 51వ ఏట డెన్వర్‌లో స్కీ బైండింగులు కొనడానికి రెండు వారాలు దిమాగ్ ఖరాబ్ చేసుకున్నా. అమ్మీకి ఫోన్‌లో చెప్తే "క్యా జరూరత్ రే బేటా?" అనింది. జరూరత్ ఏమీ లేదు, షౌఖ్. నాలుగేళ్లుగా పిల్లలతో లవ్‌లాండ్ కొండకి పోతున్నా. మధ్యరకం వాణ్ని. నీలం గుర్తు బాటలో హాయిగా దిగుతా, నల్ల గుర్తు కనబడితే పక్కకి తప్పుకుంటా.

బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపే బైండింగ్. అబ్బా బర్రెని కట్టే జారుముడి లాంటిదనుకోండి. బర్రె ఎంత గుంజినా ఊడదు, కొస పట్టి లాగితే మాత్రం ఒక్క క్షణంలో విడిపోతుంది. ఇదీ అంతే. మలుపుల్లో గట్టిగా పట్టాలి, పడ్డప్పుడు కాలు మెలిపడకముందే వదిలేయాలి. వెనకటి బైండింగులు వదిలేవి కావు. ఓరెగన్‌లో స్థిరపడిన నార్వే మనిషి యాల్మర్ హ్వామ్‌కి 1937లో కాలు విరిగింది. ఆస్పత్రి మంచం మీదే ఆయనకి ఈ వదిలే బైండింగ్ ఖయాల్ వచ్చింది.

ఎంత బలానికి వదలాలో చెప్పే అంకెని డిన్ అంటారు. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మనం జారే తీరు, వీటిని బట్టి షాపువాళ్లు లెక్క కడతారు. మన మర్దులకి గురూర్ అడ్డొచ్చేది ఇక్కడే. బరువు తగ్గించి చెప్పినా, రాని హునర్ వచ్చని చెప్పినా తేలేది తప్పుడు అంకే. 50 నిండితే ఒక మెట్టు దించుతారు. నాకు 5 దగ్గర తేలింది.

నా బడ్జెట్ 200 డాలర్లు. ఊళ్లో రొయ్యల గుంటల మీద కర్జా ఇంకా తీరలేదు, నెలనెలా పంపాలి. కాలు విరిగితే ఆ పంపడం ఆగుతుంది, అదీ నా అసలు ఫికర్. అందుకే 13 దాకా పోయే ఖరీదైన మాల్ వదిలేశా. 5 అంకె వాడికి 3 నుంచి 11 దాకా ఉండేది చాలు. రంగు నచ్చకపోయినా పోయిన సీజన్‌ది తీసుకున్నా. సస్తాలో దొరికింది.

సెకండ్‌హ్యాండ్‌వి ఇంకా సస్తా. కానీ పాతబడ్డ మోడళ్లకి కంపెనీలు జమానత్ ఆపేస్తాయి, అలాంటివి బిగించమంటే షాపువాళ్లు ముట్టుకోరు. బూటు అడుగు రకం కూడా కుదరాలి. నాది గ్రిప్‌వాక్, పాత బైండింగులు చాలావాటికి అది సరిపడదు. బ్రేకు వెడల్పూ చూసుకోవాలి. నా స్కీ నడుము 88 మిల్లీమీటర్లు, 90 బ్రేకు తీసుకున్నా. మరీ వెడల్పైతే మంచుకి తగులుకుంటుంది.

ఇక బిగింపు, మెషీన్ మీద పరీక్ష. ఇక్కడ మాత్రం కంజూసీ చేయకండి. యూట్యూబ్ చూసి ఇంట్లో డ్రిల్లు పట్టే తమ్ముళ్లకీ ఇదే చెప్తున్నా.

ఇంత చేసినా మోకాలికి భరోసా లేదు. బైండింగ్ కాపాడేది ముఖ్యంగా పిక్క ఎముకని. మోకాలి లోపలి లిగమెంట్ తెగకుండా ఆపడం దాని వల్ల అంతగా కాదు. అమ్మీకి ఈ ముక్క చెప్పలేదు.

పిల్లలకైతే కొనకండి. సీజను మొత్తానికి అద్దెకిచ్చే షాపులుంటాయి, ఏడేడూ బరువు తూచి కొత్తగా సరిచేస్తారు. మా చిన్నోడు ఈసారి నాలుగు కిలోలు పెరిగాడు, వాడి అంకె మారిపోయింది.